ఊరికి తిరిగొచ్చారా? తొలి ఏడాది బోరు మాట ఎత్తొద్దు
ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో కొత్తగా కాపురం పెట్టే కుటుంబాలు నిలదొక్కుకునే దారి

వాన ముఖం చాటేసిన ఏడాది ఇంటికి తాళం పడడం మన మెట్ట పల్లెలకు కొత్త కాదు. సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు మండలాల్లో ఏ ఊరికి పోయినా ఎవరో ఒకరు బెంగళూరులోనో, చెన్నైలోనో, హైదరాబాదులోనో ఉంటారు. హోటలు పని, కట్టడం పని, ఏదో ఒకటి. పండక్కి వస్తారు, పోతారు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు పోయినోళ్లు పిల్లాజెల్లాతో వెనక్కి వచ్చారు. తర్వాత చాలామంది మళ్లీ పట్నం దారి పట్టారు, కొందరు ఊళ్లోనే నిలిచారు. ఇప్పటికీ ఏటా కొన్ని కుటుంబాలు వస్తూనే ఉన్నాయి. ఒకరికి తల్లిదండ్రులు ముసలోళ్లయ్యారు. ఇంకొకరికి పట్నంలో అద్దె మోయలేని బరువైంది. తాతల నాటి నాలుగెకరాలుంది, ఊళ్లోనే గంజో గట్కో తాగి బతుకుదామని వస్తారు.

రావడం ఒక పూట పని. నిలబడడానికి కనీసం ఒక ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో కూడబెట్టుకున్న డబ్బు మూట ఎటు పోయిందన్న దాని మీదే ఆ కుటుంబం ఊళ్లో ఉంటుందా, మళ్లీ బస్సెక్కుతుందా అన్నది తేలుతుంది. మన ప్రాంతంలో ఆ మూట ఎక్కువగా పోయేది బోరు గుంతలోకే.

బోరు ఎందుకు వద్దంటున్నాం?

పట్నం నుంచి వచ్చిన మనిషికి ఎవరైనా చెప్పే తొలి మాట ఇదే: "బోరేసుకో అన్నా, రెండెకరాలు నిమ్మ పెట్టుకోవచ్చు." చెప్పేవాడి మనసులో చెడు లేదు. కానీ వెలికొండల కింద మన నేల అడుగున ఉన్నది గట్టి రాయి. ఇసుక నేలల్లో మాదిరి నీళ్లు పొరలు పొరలుగా ఉండవు. రాతి పగుళ్లలోనే ఉంటాయి. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. పక్క చేలో రెండంగుళాల నీళ్లు పడ్డాయంటే మన చేలోనూ పడతాయన్న నమ్మకం లేదు. ఒకటి ఎండితే ఆశ చావక రెండోది వేస్తాం. రెండోదానికి అప్పు చేస్తాం. ఆ అప్పు తీర్చడానికి మళ్లీ పట్నం పోతాం. ఊళ్లో బతకడానికని వేసిన బోరే ఊరు విడిపించిందన్నమాట.

ఎన్నటికీ బోరు వేయొద్దని కాదు. ఒక ఏడాది ఆగమంటున్నాం. ఆ ఏడాది చుట్టుపక్కల బావులు, బోర్లు ఏప్రిల్, మే నెలల్లో ఎంత లోతుకు పోతున్నాయో, ఏవి ఎండుతున్నాయో కళ్లారా చూడండి. వాన పడినప్పుడు మీ చేలో నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో గొడుగేసుకుని నిలబడి చూడండి. ఆ తర్వాత కూడా బోరే కావాలనుకుంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకుని, భూగర్భ జలాలు తెలిసిన వారి చేత చూపించుకుని వేయండి.

కాలువ మాట కూడా ఇంతే. అనంతసాగరం మండలంలోని సోమశిల జలాశయానికి 78 టీఎంసీల నిల్వ సామర్థ్యం ఉంది. కానీ మన మెట్ట ఎత్తున ఉంది, నీరు పల్లానికే పోతుంది. ఎత్తున ఉన్న భూములకు నీళ్లిచ్చే కాలువల గురించి ఏళ్లుగా వింటున్నాం. నీళ్లు మన గెనిం దాకా వచ్చిన రోజు సంతోషిద్దాం. రాకముందే వాటిని నమ్ముకుని అప్పు చేయొద్దు.

డబ్బును మూడు మూటలు కట్టండి

లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. మొగుడూ పెళ్లాం, బడికి పోయే ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ. నాలుగెకరాల మెట్ట. పట్నంలో కూడబెట్టింది కొంత చేతిలో ఉంది. దాన్ని మూడు భాగాలు చేయాలి.

మొదటి మూట ఏడాది తిండికి, పిల్లల చదువుకు, మందూమాకుకు. ఐదుగురికి రోజుకు ఒకటిన్నర కిలో గింజలు అనుకుంటే నెలకు 45 కిలోలు. రేషన్ కార్డులో ఐదుగురి పేర్లూ ఉంటే మనిషికి 5 కిలోల చొప్పున 25 కిలోలు వస్తాయి. మిగతా 20 కిలోలు మన చేలో పండాలి, లేదా కొనాలి. ఏడాదికి 240 కిలోలు. ఈ అంకె గుర్తుంచుకోండి. తొలి ఏడాది పంట నుంచి కోరాల్సింది లాభం కాదు, ఈ 240 కిలోలే.

రెండో మూట జీవాలకు, కొట్టానికి. మూడో మూట ముట్టుకోకూడదు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటాకే దాన్ని విప్పాలి. బ్యాంకులో ఇంటావిడ పేరున వేస్తే మరీ మంచిది.

తాగే నీళ్లే ముందు

చేను సంగతి తర్వాత, ముందు కుండలో నీళ్ల సంగతి చూడండి. ఉదయగిరి, వరికుంటపాడు వైపు చాలా చోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే గతి లేనప్పుడు ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి, పెద్దలకు కీళ్లు, నడుము పట్టేస్తాయి. కాచినా ఫ్లోరైడు పోదు. పళ్లు తయారయ్యే వయసులో ఉన్న చిన్నపిల్లలకు దీనితో ముప్పు ఎక్కువ. పట్నంలో పుట్టిన పిల్లల్ని తీసుకొచ్చి తెలియని బోరు నీళ్లు తాగించకముందే ఆ నీటిని పరీక్ష చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ వారిని అడగండి.

నీళ్లు బాగాలేవని తేలితే వాన నీళ్లే దిక్కు. మన లెక్కలో 10 అంకణాల డాబా అంటే 720 చదరపు అడుగులు, సుమారు 67 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఏడాదిలో 500 మిల్లీమీటర్ల వాన పడినా ఆ డాబా మీద 33 వేల లీటర్లు పడ్డట్టే. అందులో పావు వంతు వృథా పోయినా 25 వేల లీటర్లు మిగులుతాయి. ఐదుగురికి తాగడానికి, వంటకు రోజుకు 25 లీటర్లు చాలనుకుంటే ఏడాదికి 9 వేల లీటర్ల పైచిలుకు. డాబా శుభ్రంగా ఉంచి, తొలి వాన వదిలేసి, తర్వాతి వానలు ఇసుక, బొగ్గు వేసిన వడపోత గుండా మూత ఉన్న తొట్టిలోకి మళ్లించాలి. తాగే ముందు కాచుకోవాలి. కోతుల, పక్షుల రెట్ట పడే డాబా అయితే మరింత జాగ్రత్త అవసరం.

కార్తెలు చూసి విత్తండి

నెల్లూరు జిల్లాకు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలే పెద్ద దిక్కు. కోస్తా మండలాలంత వాన మన పడమటి మెట్టకు రాదు. వచ్చేది కూడా ఒక్కోసారి తుపాను పేరుతో నాలుగు రోజుల్లో కురిసి పోతుంది. అందుకే చేనంతా ఒకే పైరు, ఒకే అదనులో వేయడం తొలి ఏడాది వాళ్లకు తగదు.

నాలుగెకరాలను ఇట్లా పంచుకోవచ్చు. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో పదును వానలు పడితే ఒక ఎకరంలో సజ్జ, కంది కలిపి వేయాలి. రెండు సాళ్లు సజ్జకు ఒక సాలు కంది. వాన అనుకూలిస్తే సజ్జ ఒక్కటే వేసిన చేలో ఎకరాకు నాలుగైదు క్వింటాళ్లు రావచ్చు. కంది కలిపినప్పుడు అంతకు తగ్గినా, మనకు కావాల్సిన 240 కిలోలకు దరిదాపుల్లోకి వస్తాం. చొప్ప జీవాలకు, కంది పప్పు ఇంటికి, కంది కట్టె పొయ్యికి.

ఆ వానలు తప్పితే కుంగిపోవద్దు. హస్త, చిత్త కార్తెల్లో ఒకటిన్నర ఎకరంలో ఉలవ చల్లండి. ఎకరాకు 8 నుంచి 10 కిలోల విత్తనం చాలు. తక్కువ తేమకు ఓర్చుకుంటుంది, పెట్టుబడి తక్కువ, గింజ మనకు, పొట్టు పశువులకు. ఇంకో ఎకరం దున్నకుండా గడ్డికి వదిలి, గెనాల మీద అవిశ, సుబాబుల్ నాటండి. మిగతా అర ఎకరం ఇల్లు, కొట్టం, కూరపాదులు, నీటి గుంట.

నీటి గుంట అంటే పెద్దదేమీ అక్కరలేదు. పైన పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు, గోడలు వాలుగా తవ్వితే సుమారు 1,45,000 లీటర్లు పడతాయి. బెట్ట వచ్చినప్పుడు అర ఎకరానికి ఒక తడి ఇచ్చి పైరును కాపాడుకోవచ్చు. ఉపాధి హామీ కింద ఇట్లాంటి గుంటలు చాలా ఊళ్లలో తవ్వారు. ఇప్పుడు ఏ పద్ధతి నడుస్తోందో పంచాయతీలో కనుక్కుని పేరు నమోదు చేయించుకోండి.

పొగాకు సంగతి ఒక మాట. డీసీ పల్లి, కలిగిరి వేలం కేంద్రాలు దగ్గరున్నాయి కదా అని ఆశ పుడుతుంది. వర్జీనియా పొగాకు వేయాలంటే పొగాకు బోర్డు దగ్గర రైతుగా నమోదై ఉండాలి, బ్యారన్ ఉండాలి. పెట్టుబడి పెద్దది. కొత్తగా వచ్చినోళ్లు దూరంగా ఉండడం మేలు.

పది గొర్రెలు చాలు

మన జిల్లా పేరు మీద గొర్రె జాతే ఉంది. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. తెల్లనిది పల్ల, తెల్ల ఒంటి మీద నల్ల మచ్చలున్నది జోడిపి, ఒళ్లంతా ఎర్రగా ఉండేది దొర. ఎండకు, కరువుకు తట్టుకుంటాయి. తొలి ఏడాదికి పది ఆడ గొర్రెలు చాలు. పొట్టేలు 20, 25 గొర్రెలకు ఒకటి సరిపోతుంది కాబట్టి పక్కవాళ్లతో మాట్లాడుకుంటే కొనే పని లేదు. ఈత ఐదు నెలలు.

ఎండాకాలంలో చౌకగా వస్తున్నాయని కొనకండి. అప్పుడు మేత మనం కొనాలి. వానలు పడి గడ్డి లేచాక తెచ్చుకోండి. తెచ్చిన మూడు వారాలు ఊరి మందలో కలపకుండా విడిగా ఉంచండి. వానలకు ముందు చిటుక రోగం టీకా, నట్టల మందు తప్పనిసరి. పారుడు రోగం, బొబ్బ రోగం టీకాలు ఎప్పుడు వేయించాలో పశువుల ఆసుపత్రిలో అడిగి గోడ మీద తేదీ రాసుకోండి. ఒక పిల్లను అమ్మితే పిల్లాడి బడి ఖర్చు గడుస్తుంది. చేలో పంట పోయినా మంద నిలుస్తుంది.

కాగితాలు చక్కబెట్టుకోండి

నాన్న పేరు మీదే పాసుపుస్తకం ఉండి, ఆయన పోయి పదేళ్లయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ముందు వారసత్వ మార్పిడి చేయించండి. 1బీ, అడంగల్‌లో పేరు, విస్తీర్ణం సరిచూసుకోండి. పీఎం కిసాన్ సాయానికి 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉండాలి. ఆ తర్వాత వారసత్వంగా వచ్చిన భూమికి వెసులుబాటు ఉంది, కొన్న భూమికి లేదు.

కొత్తగా భూమి కొనేవాళ్లు అది డీకేటీ పట్టానా కాదా చూడండి. ప్రభుత్వం ఇచ్చిన భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2023లో సడలింపు ఇచ్చినా 2024లో రిజిస్ట్రేషన్లకు అడ్డు పడింది. తహసీల్దారు కార్యాలయంలో కనుక్కోకుండా బయానా ఇవ్వొద్దు.

పైరు వేయగానే రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు చేయించాలి. అది లేకపోతే నష్టపరిహారం అడగడానికి ఆధారం ఉండదు.

ఇంటావిడ నిలిస్తేనే ఇల్లు నిలుస్తుంది

మగవాడు తన ఊరికి తను వస్తాడు. పొలం గట్టు మీద పాత స్నేహితులు దొరుకుతారు. పట్నం కుళాయికి అలవాటు పడిన ఇంటావిడకు బిందె, కట్టెలు, పేడ, పలకరించే తోడు లేకపోవడం అన్నీ ఒకేసారి మీద పడతాయి. చాలా కుటుంబాలు వెనక్కి పోయేది పంట పోయినందుకు కాదు, ఆమె ఒంటరైపోయినందుకు. భూమి గురించి, డబ్బు గురించి ఏ నిర్ణయమైనా ఆమెతో కూర్చుని మాట్లాడాకే చేయాలి.

వచ్చిన తొలి నెలలోనే ఆమెను పొదుపు సంఘంలో చేర్పించండి. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది మన జిల్లాలోనే. రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు ఆ ఊపులోనే పెరిగాయి. సంఘంలో అప్పు దొరకడం ఒక లాభం. నలుగురు ఆడవాళ్ల తోడు దొరకడం అంతకంటే పెద్దది. ఉదయగిరి కొయ్య గరిటెల పని కూడా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తోంది. చేతిపని మీద ఇష్టం ఉన్నవాళ్లు అక్కడికి పోయి చూసి రావచ్చు.

ఇంట్లో ముసలమ్మ ఉంటే ఆమెను అడగండి. ఏ చేలో ఏ పైరు వచ్చేదో, ఏ వాగు ఎప్పుడు పారేదో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఊళ్లో వాళ్లతో బదులు పనికి వెళ్లండి. మీరు రెండు రోజులు వాళ్ల చేలో కలుపు తీస్తే వాళ్లు రెండు రోజులు మీ చేలో కోత కోస్తారు. పట్నంలో చూసింది చెప్పడానికి తొందరపడకండి. ఒక ఏడాది వినండి.

ఏడాది తిరిగాక లెక్క చూసుకోండి. ఇంట్లో గింజలున్నాయా, పిల్లలు బడి మానలేదా, కుండలో మంచి నీళ్లున్నాయా, మంద పెరిగిందా, మూడో మూట ముడి అలాగే ఉందా? ఐదింటిలో నాలుగు ఉంటే మీ కాపురం నిలబడ్డట్టే. అప్పుడు ఆ మూట విప్పి బోరా, ఇంకో గుంటా, పాడి గేదెనా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోండి. సలహా కావాలంటే ఊరి రైతు సేవా కేంద్రానికి గానీ, నెల్లూరులోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ మీ చేలో మట్టి నమూనా తీసుకుని వెళ్లండి.