నల్లబడితే పాడైనట్టు కాదు

విజయనగరం నుంచి కొరాపుట్ వెళ్లే జాతీయ రహదారికి ఇప్పుడు 26 అని నంబరు వేశారు గానీ, పాత డ్రైవర్ల నోట అది ఇంకా 43 నంబరు రోడ్డే. సాలూరు దాటి పాచిపెంట మండలంలోకి వెళ్లగానే రోడ్డు కొండెక్కడం మొదలవుతుంది. పి.కోనవలస ఘాట్ మీదుగా ఒడిశాలోని సుంకి, అక్కణ్నుంచి కొరాపుట్. ఈ దారే సాలూరును లారీల ఊరు చేసింది. 2022 ఏప్రిల్‌లో సాలూరు విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. లారీలు, బాడీ కట్టే షెడ్లు, మెకానిక్ షాపులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్కడనే కాదు, శ్రీకాకుళంలోనైనా పలాసలోనైనా పాత బండి గురించి అడిగితే షెడ్డులో వినిపించే మాట ఒకటే: "ఆయిలు తాగేస్తంది బాబూ." వెంటనే మందు కూడా చెప్పేస్తారు: "కాస్త చిక్కటిది పోసీండి."

ఆ మందు ఎక్కువసార్లు తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే ఈ ఆయిల్ ఇంజిన్‌లోకి ఎలా వచ్చిందో, లోపల ఏం చేస్తుందో కొంత చెప్పుకోవాలి.

లారీ రాకముందు మన బండి ఇరుసుకు కందెన అంటే ఆముదం, దాన్లో కలిపిన వరిగడ్డి మసి. మోటార్లకు కూడా తొలిరోజుల్లో ఆముదం పనికొచ్చింది. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో తన ఆయిల్‌కు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టడానికి కారణం అందులో ఆముదం ఉండటమే. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజిన్లు ఆముదం మీదే తిరిగాయి, పెట్రోలులో అది తేలిగ్గా కరగదు కనుక. దాని లోపం మరోచోట ఉంది. వేడికి అది జిగురై, పిస్టన్ మీద వార్నిష్‌లా గట్టిపడుతుంది. ఇంజిన్‌లో మిగిలే మడ్డితో మనిషి తగాదా అప్పుడే మొదలైంది.

అసలు ఆయిల్ ఏం చేస్తుందో ఇంజినీర్లకే చాలాకాలం స్పష్టంగా తెలియదు. 1880ల్లో బోషాంప్ టవర్ అనే ఆంగ్లేయుడు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, ఆయిల్ పోయడానికి బేరింగ్ నెత్తిన కన్నం పెట్టాడు. ఇరుసు తిరగగానే ఆయిల్ లోపలికి పోవాల్సింది పోయి బయటికి ఎగదన్నింది. కన్నానికి కార్కు బిగిస్తే ఊడి వచ్చింది, చెక్క మేకు కొట్టినా అదే తంతు. చివరికి ప్రెషర్ గేజీ పెట్టి చూస్తే, ఇరుసు మీద సగటు బరువు చదరపు అంగుళానికి 100 పౌండ్లు ఉండగా ఆయిల్ ఒత్తిడి 200 పౌండ్లు దాటింది. అంటే ఇరుసు లోహం మీద లేదు, ఆయిల్ పొర మీద తేలుతోంది. దీనికి లెక్క కట్టిన సిద్ధాంతాన్ని ఆస్బోర్న్ రెనాల్డ్స్ 1886లో ఇచ్చాడు. కొండెక్కే లారీ క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు ఈ రోజుకీ ఆ పొర మీదే బతుకుతున్నాయి. పొర నిలవాలంటే చిక్కదనం సరిపోవాలి. మరీ చిక్కనైతే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైనున్న వాల్వుల దాకా ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, ఇంజిన్ తన శక్తిలో కొంత ఆ ఆయిల్‌ను తోసుకోవడానికే ఖర్చు పెడుతుంది.

1930ల్లో అమెరికాలో క్యాటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టర్లకు పిస్టన్ రింగులు గాడుల్లో మసితో అతుక్కుపోయే జబ్బు పట్టింది. విరుగుడుగా ఆయిల్‌లో డిటర్జెంట్ కలిపారు. మసిని రింగుల దగ్గర పేరుకోనివ్వకుండా, సన్నటి రేణువులుగా ఆయిల్‌లోనే మోసుకు తిరగడం దాని పని. అందుకే మంచి డీజిల్ ఆయిల్ మార్చిన కొద్ది గంటలకే నల్లబడుతుంది. నలుపు చూసి "ఆయిలు పోయింది" అనుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన పొరపాటు. ఎంతకీ నల్లబడని డీజిల్ ఆయిల్‌నే నేను అనుమానిస్తాను. మసి దాన్లో లేదంటే లోపలెక్కడో పేరుకుంటోందేమో.

మరి చెడిపోయిందని ఎలా తెలుస్తుంది? ఇంజిన్ వేడిగా ఉండగా గేజీ కడ్డీ తీసి, ఒక చుక్క ఫిల్టర్ పేపరు మీద వేసి కొన్ని గంటలు వదిలేయండి. మసి మెల్లగా బయటికి పాకుతూ బూడిద రంగు వలయంగా పలచబడితే డిటర్జెంట్ ఇంకా పనిచేస్తోంది. మధ్యలో కాటుక బొట్టులాంటి మచ్చ అంచు కట్టి అక్కడే ఆగిపోతే మోసే శక్తి అయిపోయింది, మార్చేయాలి. మట్టం పెరిగి, ఆయిల్ పలచబడి, డీజిల్ వాసన కొడితే ఇంజెక్టర్లో ఇంధన పంపో కారుతున్నాయి. ఆ పరిస్థితిలో చిక్కటి ఆయిల్ పోయడం దండగ.

ఆయిల్ పోసే మూత కింద పాల మీగడలాంటి తెల్లటి పూత కనబడితే గుండె జారిపోతుంది. జారాల్సిన పని లేదు, ముందు గేజీ చూడండి. కడ్డీ మీద ఆయిల్ శుభ్రంగా ఉండి మూత కిందే తెలుపుంటే, అది చాలావరకు తేమ. మన సముద్రతీరపు వానాకాలంలో బజారుకీ బడికీ మాత్రమే తిరిగే బండిలో ఆయిల్ నీరు ఆవిరయ్యేంత వేడెక్కదు. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ఆగకుండా నడిపితే ఆ పూత చాలామటుకు పోతుంది. కడ్డీ మీద కూడా కాఫీ రంగు నురగ ఉండి, రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే అది హెడ్ గాస్కెట్ సంగతి, బండి ఆపేయాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి వరదలో మునిగిన బండిని స్టార్ట్ చేసి చూడటం అన్నిటికంటే పెద్ద తప్పు. ముందు ఆయిల్ దించాలి, తర్వాతే తాళంచెవి.

పొగ కూడా సాక్ష్యమే. రాత్రంతా ఆగి పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. ఘాట్ ఎక్కుతున్నంతసేపూ నీలిపొగే అయితే రింగులు, లైనర్లు. నల్లపొగ వేరే కథ. ఎయిర్ ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టాలి.

కంటికి కనిపించనిది ప్రయోగశాల చూస్తుంది, దీనికి దగ్గరి ఉదాహరణ రైల్వే. విజయనగరం జిల్లా కొత్తవలసలో మొదలై శృంగవరపుకోట మీదుగా అరకు ఎక్కే కిరండూల్ లైను బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసింది. విద్యుదీకరణ 1982లో పూర్తయ్యేదాకా ఆ కొండల్లో బరువు లాగింది డీజిల్ ఇంజిన్లే. రైల్వే డీజిల్ షెడ్లలో ఆయిల్ నమూనాలను స్పెక్ట్రోమీటర్‌తో పరీక్షిస్తారు. మండించిన ఆయిల్ వెలుగులో ఒక్కో లోహం తన రంగు తాను చూపిస్తుంది. రాగి, సీసం పెరిగితే బేరింగ్ అరుగుతోంది. సిలికాన్ పెరిగితే దుమ్ము దూరుతోంది, ఫిల్టర్ చూడాలి. అమెరికాలో ఈ పద్ధతిని 1940ల్లోనే రైల్వేలు మొదలుపెట్టాయి. ఇంజిన్ దించకుండా రోగం చెప్పే విద్య ఇది. నాలుగు లారీలున్న యజమానికి కూడా ఖర్చు గిట్టుబాటవుతుందని నా నమ్మకం.

ఇక ఏ ఆయిల్ పోయాలి? డబ్బా మీద రెండు సంగతులు చదవాలి. 15డబ్ల్యూ-40లో మొదటి అంకె చలిలో స్టార్టింగ్‌కు సంబంధించింది, 15డబ్ల్యూను మైనస్ 20 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. ఆ చలి మన మన్యంలోనే లేదు, తీరంలో సరేసరి. రెండో అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనం: 40 అంటే 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు, 50 అంటే అక్కణ్నుంచి 21.9 లోపు. మన ఎండలకు చూడాల్సింది రెండోదే.

రెండో సంగతి ఏపీఐ తరగతి, మోసపోయేది ఇక్కడే. సాలూరు రోడ్ల మీద దశాబ్దాలు నడిచిన టాటా 697 ఇంజిన్ (ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు) లాంటి పాత డీజిళ్లకు 15డబ్ల్యూ-40 సీఐ-4 ప్లస్ చక్కగా సరిపోతుంది. 2016లో వచ్చిన సీకే-4 కూడా పోయొచ్చు, అయితే దాని అసలు అవసరం సైలెన్సర్లో మసి వడపోత ఉన్న బీఎస్-6 బండ్లకు. దాంతోపాటే వచ్చిన ఎఫ్ఏ-4 కొత్తది కదా అని పాత ఇంజిన్‌లో పోయకూడదు. వేడిలో పలచగా ఉండేలా చేసిన ఆ ఆయిల్ పాత బేరింగులకు చాలదు. ఇంకా నడుస్తున్న అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్‌కు వాల్వ్ ట్యాపెట్లను కాపాడే జింక్, ఫాస్ఫరస్ కావాలి. ఎస్ఎన్ తరగతిలో 20, 30 గ్రేడులకు ఫాస్ఫరస్ మీద 0.08 శాతం పరిమితి ఉంది. 50 గ్రేడుకు అది లేదు, కాబట్టి 20డబ్ల్యూ-50 తీసుకోండి. మోటార్‌సైకిల్‌కు జాసో ఎంఏ ముద్ర చూడండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదముంది.

చిక్కటిది పోయమనే మేస్త్రీ మాట నిజమయ్యే సందర్భం ఒకటుంది. రింగులు, బేరింగులు సమంగా అరిగి, లీకేజీ ఏదీ లేక, కంపెనీ పుస్తకం వేడి ప్రాంతాలకు 20డబ్ల్యూ-50 ఒప్పుకుంటే అది పోసి బోరింగ్ పని కొంతకాలం వాయిదా వేయొచ్చు. అది గడువే, వైద్యం కాదు. ఏళ్ల తరబడి డిటర్జెంట్ లేని లూజు ఆయిల్ మీద తిరిగిన ఇంజిన్‌లో మంచి ఆయిల్ పోసినప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. పేరుకున్న మడ్డి ఊడి చాంబర్లోని జల్లెడకు అడ్డం పడుతుంది. మొదటి రెండు మార్పులూ ఫిల్టర్‌తో సహా త్వరత్వరగా చేయించండి.

దించిన ఆయిల్‌ను చెదలు పట్టకుండా దూలాలకు పూయడం, మిగిలింది కాలవలో పారబోయడం మనకు అలవాటు. నిజానికి అందులో అయిపోయేది కలిపిన మందులే. మూల తైలం చాలావరకు మిగిలే ఉంటుంది, శుద్ధి చేస్తే మళ్లీ ఇంజిన్‌లోకి వస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి వాడిన ఆయిల్‌ను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ప్రభుత్వం ఆయిల్ తయారీదారుల మీద పెట్టింది. పాత ఆయిల్‌ను డబ్బాలో పట్టి, లైసెన్సున్న సేకరణదారుడికే ఇవ్వండి.