రాజశేఖరం ఉండడు, జయంతి ఉంటుంది

మొన్న చేవెళ్లలో మా చెల్లెలింటికి వెళ్లేసరికి గొడవ జరుగుతోంది. ఇంటరు చదివే కూతురి చేతిలో నవల చూసి, "ఇట్లాంటి మగపిల్లలు లోకంలో ఉంటారా?" అని తల్లి లాక్కుంది. తీరా చూద్దును కదా, అది యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ'! ఒకప్పుడు మేమిద్దరం వంతులేసుకుని చదివిందే. 1976లో సినిమాగానూ వచ్చింది.

నిజమే, రాజశేఖరం లాంటివాడు ఉండడు. అంత డబ్బు, అంత అందం, అంత ఓపిక ఒక్క మనిషిలో ఎక్కడ దొరుకుతాయమ్మా! అయినా జయంతిని మనం నమ్మాం. ఉద్యోగం అవసరమైన మధ్యతరగతి పిల్ల, డబ్బున్నవాడి ముందు తలవంచనంటుంది. ఆ అవసరమూ, ఆ అభిమానమూ మనిళ్లలోవే. పాత్ర చేసే పని దాని స్వభావంలోంచి వస్తే, మేడలూ కార్లూ ఎన్నున్నా మనసు ఒప్పుకుంటుంది. ఒక్క మాట అడిగితే తీరిపోయే అపార్థాన్ని పేజీలకు పేజీలు లాగితేనే నాకు విసుగు. 'సెక్రటరీ'లోనూ ఆ సాగదీత కొంత ఉంది లెండి.

మా పిల్ల రోజూ మర్రిచెట్ల రోడ్డు మీద బస్సులో మొయినాబాద్ కాలేజీకి వెళ్తుంది. వానలో ఎవరో కారు ఆపితే కథానాయిక ఎక్కేస్తుంది. ఇది ఎక్కుతుందా? ఎక్కితే ఇంట్లో ఏం చెబుతుంది? నవల ఆ జవాబు చెప్పాలి. అదే అడిగాను.

"రాజశేఖరం కోసం కాదు పెద్దమ్మా, జయంతి ఉద్యోగం కోసం చదువుతున్నా" అంది.

ఇంటరు కాగానే సంబంధం చూడాలనుకుంటున్న మా చెల్లెలు మాట్లాడలేదు. పుస్తకం తిరిగిచ్చింది గాని, రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుని ఇచ్చింది.