బింజా? ఏకబిగినా?

కోల్‌కతా గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయంతో తెలుగువారి అనుబంధం పాతదే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలోనే ఆ పట్టాలు వాల్తేరు చేరాయి. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ ఇక్కడి అజమాయిషీలోనే ఉండేది. ఉద్యోగరీత్యా ఇటొచ్చిన కుటుంబాలకు 1980ల్లో టీవీలో తెలుగు వినపడటమే గగనం. స్థానిక కేంద్రం నుంచి బెంగాలీ, ఢిల్లీ నుంచి హిందీ. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్ వేసే ప్రాంతీయ భాషా చిత్రాల్లో మన వంతు కోసం కాచుక్కూర్చోవాలి. వచ్చేది ఒక్క సినిమా. ఆ తర్వాత మళ్లీ నిరీక్షణ.

ఇప్పుడు ఫోన్‌లోనే తెలుగు సిరీస్ మొత్తం సిద్ధం. రాత్రి మొదలెడితే తెల్లారేసరికి పూర్తి. ఈ అలవాటు పేరే బింజ్ వాచింగ్. బింజ్ అంటే ఇంగ్లండ్‌లోని ఓ మాండలికంలో చెక్కపాత్రను నానబెట్టడం. 19వ శతాబ్దంలో అది మందులో మునగడమైంది, తర్వాత తిండికీ పాకింది. టీవీ అభిమానులు క్యాసెట్లు, డీవీడీలు దొంతరలుగా పెట్టుకుని చూసే రోజుల్లో తమను తామే వెక్కిరించుకుంటూ దీన్ని వాడుకున్నారు. 2013లో 'హౌస్ ఆఫ్ కార్డ్స్' తొలి సీజన్‌ను నెట్‌ఫ్లిక్స్ ఒకే రోజు విడుదల చేయడంతో మాట ఇంటింటికీ చేరింది. 2015లో కాలిన్స్ నిఘంటువు దీన్ని ఆ ఏటి మేటి పదంగా ఎంచుకుంది. తాగుబోతు మాట కాస్తా ప్రచార నినాదమైపోయింది!

తెలుగులో 'అతిగా చూడటం' అంటే తిట్టినట్టే. 'ఏకబిగిన' అంటే మెచ్చుకోలు. నవల ఏకబిగిన చదివించిందంటే రచయితకు కితాబే. అయితే అక్కడ పేజీ తిప్పేది మన వేలు. ఇక్కడ మనం అడగకుండానే కొన్ని సెకన్లలో తర్వాతి భాగం మొదలైపోతుంది. సెట్టింగుల్లో దాన్ని ఆపేయొచ్చు, కానీ ఆపేవారెందరు? తమకు పోటీ నిద్రేనని నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017లో అన్నది అందుకే కాబోలు.

1987 జనవరిలో మొదలైన 'రామాయణ్' వారానికో భాగం చొప్పున ఏడాదిన్నర నడిచింది. 2020 లాక్‌డౌన్‌లో పొద్దున, రాత్రి వేస్తే మూడు వారాల్లో ముగిసింది. మరి అది బింజా? సందేహమే. రాత్రి తొమ్మిదింటి భాగం అయిపోతే, ఎంత ఆత్రమున్నా మర్నాటి పొద్దున దాకా ఆగాల్సిందే.