నెలకు దినములెన్ని?

కొన్నాళ్ల క్రిందట ఆరవ తరగతి చదువు బాలుడొకడు నా యొద్దకు వచ్చి, "మాస్టారూ! నూరు దినములనగా ఎన్ని మాసములండీ?" అని యడిగెను. ముప్పదిచే భాగించి, మూడు మాసముల పది దినములని చెప్పితిని. వాడు తృప్తి పడలేదు. "మా నాన్నగారు జూలై 1న అప్పు తెచ్చినారు. ఆనాటితో కూడ లెక్కించిన నూరవ దినము అక్టోబరు 8. మూడు మాసముల ఎనిమిది దినములే గదా! తక్కిన రెండు దినముల వడ్డీ మేమెందుకు కట్టవలెను?" అనెను.

ప్రశ్న న్యాయమైనది. మాసమునకు ముప్పది దినములని మనమెంత తేలికగా చెప్పుకొన్నను, చంద్రుడు ఆ లెక్కకు లోబడడు. అమావాస్యనుండి అమావాస్యకు సగటున 29.53 దినములు. ముప్పది యన్నది తిథుల సంఖ్య. చంద్రుడు సూర్యునినుండి పండ్రెండు భాగలు ఎడమగుటకు పట్టు కాలము తిథి. అది సగటున దినముకంటె కొంచెము కురుచ.

క్రీ. శ. 499 నాటి ఆర్యభటుని లెక్క ననుసరించి ఒక మహాయుగమున, అనగా 43,20,000 సౌరవత్సరములలో, 1,57,79,17,500 దినములును 5,34,33,336 చాంద్రమాసములును గలవు. మొదటి సంఖ్యను రెండవదానిచే భాగించి చూడుడు: 29.53058 వచ్చును. ఆధునికుల లెక్క 29.53059. దూరదర్శిని లేని కాలమున ఇంత దగ్గరకు వచ్చిన గణితమును తరగతిలో ఒక్కమారైనను చేయించక పోవుట మన లోపమే.

గడచిన దినముల మొత్తమును మన సిద్ధాంతులు అహర్గణ మనిరి. దానిని సాధించు విధము త్రైరాశికమునకు చక్కని పాఠము. గత సంవత్సరములను పండ్రెండుచే గుణించి, గత మాసములను కూడి, త్రైరాశికముచే వచ్చిన అధికమాసములను చేర్చవలెను. దానిని ముప్పదిచే గుణించి, గత తిథులను కలిపి, క్షయతిథులను తీసివేసిన దినములు మిగులును. ఏడుచే భాగించినపుడు వారము సరిపోవలెను. ఒకటి తేడా వచ్చినచో ఒక దినము కూడియో తీసియో సరిచేయుదురు. పరీక్షలో జవాబును సరిచూచుకొనని విద్యార్థులు దీనిని గమనింతురు గాక!

పండ్రెండు చాంద్రమాసములు 354 దినములే గనుక ఏటికి సుమారు పదకొండు దినములు వెనుకబడును. అందుచే సూర్యసంక్రాంతి లేని మాసమును అధికమని యెంచుదురు. 2023లో అధికశ్రావణము అట్లే వచ్చినది. పందొమ్మిదేండ్లలో ఇట్టివి సుమారు ఏడు. నూటికి నెలకు రూపాయి వడ్డీని ఎవడైన తెలుగు నెలలచొప్పున లెక్కించినచో, ఆ పందొమ్మిదేండ్లకు 228 రూపాయలకు బదులు 235 రాబట్టును!

ఆ బాలునికి నేను చివరకు మాసముల ఊసే వలదని చెప్పితిని. వేయి రూపాయలకు సాలుకు నూటికి పండ్రెండు వడ్డీ యైనచో, నూరు దినములను 365చే భాగించి కట్టిన 32 రూపాయల 88 పైసలు; నా మొదటి లెక్కకు 33 రూపాయల 33 పైసలు. వాడు రెండును కాగితముపై వ్రాసికొని, తండ్రికి చూపుటకు పరుగెత్తెను.