వార్ట్‌బర్గ్ కోటలో చిన్న గది

కోట అనగానే మనకు గోల్కొండ, కొండవీడు జ్ఞాపకం వస్తాయి. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మేము మరొక కోటను చూచాము. తురింగియా రాష్ట్రంలో ఐసెనాహ్ పట్టణానికి పైన, అడవి మధ్య కొండమీద ఉన్న వార్ట్‌బర్గ్ కోట అది. చివరి ఎక్కుడు నిలువుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో ఆగి ఆగి ఎక్కుతుంటే, ఎనిమిదేండ్ల మనుమరాలు మా చేయి పట్టుకొని నడిపించింది.

1067వ సంవత్సరంలో లుడ్విగ్ అనే ప్రభువు ఈ కోటకు పునాది వేశాడని చెబుతారు. లోపలి రాజభవనం 12వ శతాబ్దం నాటిది. హంగరీ రాజకుమార్తె ఎలిజబెత్ 1211లో, నాలుగేండ్ల పసిప్రాయంలో, ఈ ప్రభువుల ఇంటికి కాబోయే కోడలిగా వచ్చింది. 1227లో ఆమె భర్త క్రూసేడు యుద్ధానికి బయలుదేరి దారిలోనే మరణించాడు. తర్వాత ఆమె మార్బర్గ్‌లో ఆసుపత్రి కట్టించి, స్వయంగా రోగులకు సేవచేస్తూ 1231లో, 24 ఏండ్ల వయసులో కన్నుమూసింది.

కాలక్రమంలో కోట పాడుబడింది. 19వ శతాబ్దంలో కార్ల్ అలెగ్జాండర్ ప్రభువు పూనుకొని, హూగో ఫాన్ రిట్గెన్ అనే శిల్పి చేత దానిని బాగుచేయించాడు. కాబట్టి ఇప్పుడు మనకు కనిపించేదంతా పాతది కాదు. పాత గోడల ప్రక్కనే కొత్త కట్టడాలున్నాయి. 1999లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

అయితే మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టినది చెక్కగోడల చిన్న గది. 1521లో వర్మ్స్ సభలో తన మాట వెనక్కు తీసుకోనన్న మార్టిన్ లూథర్‌ను, ప్రాణాపాయం తప్పించడానికి ఫ్రెడరిక్ ప్రభువు మనుషులు దారిలో ఎత్తుకుపోయినట్లు నటించి ఇక్కడ దాచారు. గడ్డం పెంచి, యోధుని వేషంలో, జార్జి అనే మారుపేరుతో ఆయన సుమారు 10 నెలలు ఇక్కడ ఉన్నాడు. ఆ కాలంలోనే సుమారు 11 వారాలలో క్రొత్త నిబంధనను గ్రీకు నుండి జర్మను భాషలోనికి తెచ్చాడు. 1522 సెప్టెంబరులో అది అచ్చయింది. అపవాది మీదికి ఆయన సిరాబుడ్డి విసిరాడన్న కథను వెంటనే నమ్మనక్కరలేదు. ఇంట్లో తల్లికీ, బజారులో మనిషికీ అర్థమయ్యే మాటకోసం ఆయన వెదకినది మాత్రం నిజం.

ఆ పని మన తెలుగుకూ సంబంధించినదే. 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ అనే జర్మను మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చుకొని, క్రొత్త నిబంధనను మన భాషలోనికి అనువదించాడు. ఆ వ్రాతప్రతి అచ్చుకు నోచుకోలేదు.

ఈ సంగతి చెబుతుండగా మనుమరాలు మా చేతిసంచిలోని బైబిలు తీసి తెరచి చూచింది. "నాయనమ్మా, ఇది నేను చదవలేను కదా!" అంది. మాటలు వచ్చు, అక్షరాలు రావు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూచుకున్నాము. ఇన్నేండ్లలో నేర్పాలని మాకూ తోచలేదు, మా అబ్బాయికీ తోచలేదు.

ఆ రాత్రే ఒక కాగితం మీద 'అ' వ్రాసి దిద్దించాము. ఇంటికి తిరిగి వచ్చిన తర్వాత ప్రతి శనివారం ఫోనులో పాఠం సాగుతోంది. ఇప్పుడు గుణింతాలలో ఉన్నాము. మనుమలు విదేశాలలో ఉన్న పెద్దలారా, రాలిన గోడను మేస్త్రీ మళ్ళీ కట్టగలడు. ఇంటి భాషను నిలబెట్టవలసినది మాత్రం మనమే.