పాత ట్రాక్టరు - గేరుపెట్టె

కాలువలకు నీరు వదలగానే గోదావరి, కృష్ణా డెల్టాలలో దమ్ము పనులు మొదలగును. ఆ అదునులో ట్రాక్టరు పది దినములు మూలబడినచో మడిలో నారు ముదిరిపోవును. బాడుగ బండి కొరకు ఊరంతయు తిరుగవలసి వచ్చును. అందుచేత అప్పుచేసి పాత ట్రాక్టరు కొను రైతు రంగు, టైర్లు, తయారైన సంవత్సరము మాత్రము చూచి బేరమాడుట చాలదు. గేరుపెట్టె లోపలి భాగములు బాగుచేయవలెనన్న చాలా బండ్లలో ట్రాక్టరును నడుమకు రెండుగా విడదీయవలసి వచ్చును. ఖర్చు ఒక యెత్తు, పోయిన దినములు ఇంకొక యెత్తు.

అసలు ఈ పెట్టె దేనికి? 35 అశ్వసామర్థ్యము గల ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. వెనుక చక్రము వ్యాసము 1.3 మీటర్లయినచో ఒక్క చుట్టునకు బండి సుమారు 4.1 మీటర్లు పోవును. గంటకు 5 కిలోమీటర్ల వేగముతో దున్నునపుడు చక్రము నిమిషమునకు 20 చుట్లు తిరిగిన చాలును. అనగా ఇంజను నూరు చుట్లు తిరిగినపుడు చక్రము ఒక్క చుట్టు తిరుగవలెను. వేగము నూరవవంతునకు తగ్గగా త్రిప్పుబలము, రాపిడి నష్టమును వదలివేసినచో, నూరు రెట్లగును. ఇంజను వద్ద 125 న్యూటన్-మీటర్లుగా ఉన్నది చక్రము వద్ద సుమారు 12,000 అగును. అదే బండి రోడ్డుపై గంటకు 25 కిలోమీటర్లు పోవలెనన్న నూరు చుట్లకు బదులు ఇరువది చుట్లకే చక్రము ఒకసారి తిరుగవలెను. అప్పుడు బలము అయిదవవంతే మిగులును.

ఇచట ఒక చిత్రము కలదు. ఆ 12,000 న్యూటన్-మీటర్లు నేలపై సుమారు 1,900 కిలోగ్రాముల బరువునకు సమానమైన లాగుడునిచ్చును. ట్రాక్టరు బరువే ఇంచుమించు రెండు టన్నులు. అంత లాగుడు రాకముందే తడినేలలో చక్రము జారును. కావున చిన్న గేరులో కొరత పడునది ఇంజను బలము కాదు, నేలపై పట్టు. దమ్ములో ఇనుప చక్రములు తగిలించుట ఇందుకే.

గేరుపెట్టెలలో పాతది జారుడు పద్ధతి. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరునకు ముందునకు పోవుటకు మూడే గేర్లు. జారుడు పద్ధతిలో గేరు కడ్డీ పళ్లచక్రమునే ఇరుసుపై జరిపి వేరొక చక్రముతో కలుపును. రెండును వేర్వేరు వేగములతో తిరుగుచుండగా కలిపినచో పళ్ల అంచులు కొట్టుకొని అరుగును. అందుచేత బండిని నిలిపి గేరు మార్చవలెను. స్థిరబంధ పద్ధతిలో, అనగా కాన్‌స్టెంట్ మెష్‌లో, పళ్లచక్రములు ఎప్పుడును కలిసియే ఉండును. కావలసిన దానిని ఇరుసునకు బిగించుటకు చిన్న కొక్కెపు పళ్లు ఉండును. దెబ్బ తగిలిన అది ఆ కొక్కెములకే కాని ప్రధానచక్రములకు కాదు. 1928లో కాడిలాక్ కారులో ప్రవేశించిన సింక్రోమెష్ దీనికొక మెరుగు. కలియబోవు భాగముల వేగములను రాపిడి వలయముతో ముందుగా సమానము చేయును. హైడ్రోస్టాటిక్ పద్ధతిలో గేర్ల మెట్లు మార్చు పని తగ్గి, నూనె పంపు, నూనె మోటారు ఆ పని చేయును. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1967లో ఇట్టి ట్రాక్టరును అమ్మకమునకు తెచ్చినది. వేగమును అణువణువుగా మార్చవచ్చును గాని, శక్తిలో కొంత నూనె వేడిగా పోవును. రోజంతయు దుక్కి దున్నువానికి అది లాభము కాదు. మాటిమాటికి ముందునకు వెనుకకు కదలు పనులకే అది తగును.

డెల్టా రైతునకు ఎనిమిది ముందు, రెండు వెనుక గేర్లు గల స్థిరబంధపు పెట్టె, దానితో రెండంచెల క్లచ్చి ఉన్నచో మేలు. రోటావేటరును త్రిప్పు వెనుక ఇరుసు నిమిషమునకు 540 చుట్లు తిరుగవలెను. ఒంటి క్లచ్చి బండిలో కాలు నొక్కగానే చక్రములతోపాటు ఆ ఇరుసును నిలిచిపోవును. రెండంచెల దానిలో సగము నొక్కిన చక్రములు మాత్రమే ఆగును. ట్రాలీ తోలుటయే ప్రధానమైనచో ఈ సౌకర్యమునకు ఎక్కువ వెల పెట్టనక్కరలేదు. జారుడు పెట్టెను కూడ తీసివేయరాదు; దానిని విప్పి బిగించగల మేస్త్రీ దగ్గరలోనే దొరకును.

ఇక పరీక్ష. బండి కదలకుండ, గేరు లేకుండ ఇంజను నడుపవలెను. క్లచ్చి నొక్కినపుడు వినబడిన మోత వదలగానే పోయినచో క్లచ్చి బేరింగు అరిగినదన్నమాట. నొక్కినపుడు పోయి, వదలినపుడు వచ్చినచో లోపము పెట్టెలోని తొలి ఇరుసుదో, దానితో తిరుగు చక్రములదో. పిమ్మట బండిని నడిపి ఒక్కొక్క గేరు వేయవలెను. ఒక్క గేరులోనే మోత వచ్చిన ఆ జత చక్రములను శంకింపవలెను. అన్నిటను వచ్చినచో అన్నిటికి ఉమ్మడియైన ఇరుసునో, వెనుక పెద్ద చక్రములనో. బరువు లాగుచుండగా కడ్డీ తనంతట తాను వెనుకకు ఎగిరినచో పళ్లో కొక్కెములో అరిగినవి. ఖాళీ బండిని రోడ్డుపై తోలిన ఈ దోషము బయటపడకపోవచ్చును. నాగలి తగిలించి నల్లరేగడిలో నాలుగు చాళ్లు దున్నించవలెను.

నూనె కూడ సాక్ష్యము చెప్పును. అడుగు బిరడా విప్పి కొంచెము నూనెను తెల్లని గుడ్డపై పట్టినచో, పాలవలె ఉన్న నీరు చేరినది. దమ్ము చేసిన బండ్లలో సీళ్లు చెడి ఇది తరచు జరుగును. మెరయు సన్నని పొడి కొంత ఉండుట సహజమే గాని, వ్రేలికి తగులు పలుకులు వచ్చినచో పన్ను విరిగియుండవచ్చును. కొందరు అమ్మకందార్లు మోతను కప్పుటకు నూనెలో రంపపు పొట్టు కలుపుదురు! గుడ్డపై అదియును దాగదు.

చివరకు విడిభాగముల సంగతి. పింజోరులో 1971లో మొదలైన హెచ్.ఎమ్.టి. ట్రాక్టర్ల తయారీని 2016లో ముగించుటకు నిర్ణయమైనది. అట్టి బండి గట్టిదే కావచ్చును. కాని కొనకముందు దాని గేరుచక్రమొకటి సమీప పట్టణపు దుకాణములో ఎంతకు, ఎన్ని దినములకు దొరకునో అడిగి, ఆ మొత్తమును బేరములో తగ్గించుకొనవలెను.