మంచు తుఫానులో గింజల లెక్క

పెద్ద మంచు తుఫాను విరుచుకుపడే ముందు రోజు ఉత్తర అమెరికా పెరళ్లలో పిట్టల ఫీడర్ల దగ్గర రద్దీ పెరుగుతుంది. అప్పటికింకా చుక్క మంచు కూడా రాలి ఉండదు. చికడీలు, జుంకోలు, కార్డినళ్లు అనే పిట్టలు మామూలు కంటే గబగబా తింటాయి, చీకటి పడేదాకా అక్కడక్కడే తచ్చాడతాయి. వాతావరణ శాఖ హెచ్చరికలు వాటికి అందవు, గాలి పీడనం పడిపోవడం మాత్రం అందుతుంది. కెనడాలోని ఒంటారియోలో వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు వైట్‌త్రోటెడ్ స్పారో అనే పిట్టలను పీడనం మార్చడానికి వీలున్న గదిలో ఉంచి చూశారు. పీడనం తగ్గించినప్పుడు పొద్దున దీపం వెలగ్గానే అవి తిండి మీద పడ్డాయి. తగ్గించనప్పుడు అంత తొందర చూపలేదు. 2013లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఫీడరంటే ఏమిటో ఒక్క మాట. మన పల్లెల్లో పిచ్చుకల కోసం చూరుకు వరికంకుల కుచ్చు వేలాడదీసినట్టే, అక్కడ కొమ్మకో కమ్మీకో గొట్టంలాంటి డబ్బా వేలాడదీసి పొద్దుతిరుగుడు గింజలు పోస్తారు. పక్కనే తీగ పంజరంలో పశువుల కొవ్వు ముద్ద ఉంచుతారు. ఒక్క అమెరికాలోనే ఇలా పిట్టలకు మేత పెట్టేవాళ్లు 5 కోట్లకు పైగా ఉన్నారు. తుఫాను రోజున కిటికీ అద్దం వెనక నిలబడి అంత పిట్టల గుంపును చూస్తే, మనం పెట్టే ఈ గింజలే లేకపోతే ఇవన్నీ ఏమైపోయేవో అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ అనుకోవడంలో నిజం ఎంత అన్నదే ఇక్కడ చూడాల్సిన విషయం.

చికడీతో మొదలుపెడదాం. నల్లటి టోపీ, నల్లటి గొంతు, తెల్లటి బుగ్గలున్న ఈ పిట్ట 11 గ్రాములో 12 గ్రాములో తూగుతుంది. వలస పోదు. కెనడా చలికాలమంతా అక్కడే గడుపుతుంది. దాని ఒంటి వేడి పగలు 42 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. బయట సున్నాకు 20 డిగ్రీలు కింద ఉంటే, లోపలికీ బయటికీ 62 డిగ్రీల తేడా. వేలి పొడవు కూడా లేని ఈకల పొర ఆ తేడాను కాపాడాలి. ఈకలు ఉబ్బించి వాటి మధ్య గాలిని బంధిస్తుంది. ఛాతీ కండరాలు ఆగకుండా వణుకుతూ వేడి పుట్టిస్తాయి. కాళ్లలోకి దిగే వెచ్చని రక్తం, పైకి వచ్చే చల్లని రక్తం పక్కపక్క నాళాల్లో పారుతూ వేడిని ఇచ్చిపుచ్చుకుంటాయి. అందుకే గడ్డకట్టిన కొమ్మ మీద ఉత్త కాళ్లతో కూర్చున్నా ఒంట్లోని వేడి పాదాల గుండా కారిపోదు.

ఇదంతా ఖర్చు వైపు పద్దు. జమ వైపు ఉన్నది పగటి తిండి ఒక్కటే. విస్కాన్సిన్, న్యూయార్క్ ప్రాంతాల్లో డిసెంబరు చివర పగలు 9 గంటలు, రాత్రి 15 గంటలు. పగలంతా తిని చర్మం కింద కూడబెట్టిన కొవ్వులో ఎక్కువ భాగం ఒక్క రాత్రి వణుకుకే కరిగిపోతుంది. రేపటికి మిగిలేది చాలా కొద్ది. అది చాలదన్నట్టు చికడీ ఇంకో ఉపాయం పన్నుతుంది. రాత్రి నిద్రలో ఒంటి వేడిని 10, 12 డిగ్రీలు తగ్గించుకుంటుంది. మనిషికి అందులో సగం తగ్గినా ప్రాణం మీదికి వస్తుంది. చికడీకి అది రోజువారీ పొదుపు.

కాబట్టి చలి ఒక్కటే అయితే ఈ పిట్టలు చాలావరకు నెగ్గుకొస్తాయి. ఒళ్లు పొడిగా, కడుపు నిండుగా ఉంటే చాలు. తుఫాను దెబ్బ తీసేది సరిగ్గా ఈ రెండింటినే. మంచు నేలను కప్పేస్తుంది, గాలి మేతకు తిరగనివ్వదు, మబ్బు పట్టి అసలే కురచైన పగలు ఇంకా కురచవుతుంది. 2022 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆర్చర్డ్ పార్క్‌లో నాలుగు రోజుల్లో దాదాపు 80 అంగుళాల మంచు పడింది. అంటే ఆరున్నర అడుగులు దాటి. ఈరీ సరస్సు మీదుగా వీచే చల్లగాలి నీటి ఆవిరిని మోసుకొచ్చి ఒడ్డున కుమ్మరించడం ఆ ప్రాంతానికి ఏటా ఉన్న తంతే, ఆ ఏడు మరీ మితిమీరింది. అంత మంచు కింద రాలిన గింజలకు, ఎండుటాకుల్లో దాక్కున్న పురుగులకు ఏ ముక్కూ చేరదు.

అయితే ఈ దెబ్బ అన్ని పిట్టలకూ ఒకేలా తగలదు. చికడీ, నట్‌హాచ్, వడ్రంగి పిట్ట చెట్టు మీద బతికేవి. బెరడు పగుళ్లలో దూరిన పురుగులు, గుడ్లు వాటి ఆహారం, మంచు ఎంత లోతుగా పడినా మాను నిలువుగానే ఉంటుంది. పైగా చికడీ శరదృతువు నుంచే గింజలను ఒక్కొక్కటిగా వేర్వేరు చోట్ల దాచిపెడుతుంది. నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన వ్లదీమీర్ ప్రవొసూదొవ్ బృందం సియెర్రా నెవాడా కొండల్లో మౌంటెన్ చికడీల కాళ్లకు చిన్న చిప్‌లు కట్టి, ఒక్కో పిట్టకు ఒక్కో ఫీడరు మాత్రమే తెరుచుకునేలా అమర్చింది. తన ఫీడరు ఏదో తొందరగా గుర్తుపెట్టుకున్న పిల్ల చికడీలు తొలి చలికాలాన్ని దాటే అవకాశం ఎక్కువని 2019లో తేల్చింది. కొండ మీది మంచులో జ్ఞాపకశక్తి కూడా తిండి కిందే లెక్క.

నేల మీద వెతుక్కునేవాటి సంగతి వేరు. జుంకోలు, గువ్వలు, కరోలినా రెన్‌లు మంచు పడగానే దిక్కు తోచకుండా అవుతాయి. ఫీడరు కింద రాలిన గింజల కోసం ఒక్కసారిగా కనిపించేవి ఎక్కువగా ఇవే. కరోలినా రెన్ అసలు దక్షిణాది పిట్ట. మెత్తటి చలికాలాలు వరసగా వస్తే ఉత్తరానికి జరుగుతూ పోతుంది, కఠినమైన ఏడాది ఒక్కటి తగిలితే అక్కడివి చాలావరకు తుడిచిపెట్టుకుపోతాయి. 1970ల చివర్లో వరసగా వచ్చిన భీకర శీతకాలాల్లో ఒహాయో, ఇల్లినాయ్ ప్రాంతాల్లో జరిగింది అదే. పొడి మంచు కంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. నేలను తాకగానే గడ్డకట్టే వాన. అది కొమ్మలకు, బెరడుకు గాజుపూత పూసేస్తుంది. అప్పుడు చికడీకి కూడా చెట్టు తలుపు మూసేసినట్టే. పైగా ఈకలు తడిస్తే వాటి మధ్య గాలి నిలవదు. సున్నా డిగ్రీల దగ్గర తడిసిన పిట్ట, సున్నాకు 15 డిగ్రీలు కింద పొడిగా ఉన్న పిట్ట కంటే ఎక్కువ ఆపదలో ఉంటుంది.

తడి తుఫాను ఏం చేస్తుందో చెప్పే పాత సాక్ష్యం మనకు బాగా తెలిసిన పిట్టదే. 1898 ఫిబ్రవరి 1న రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో మంచు, వాన, వడగళ్లు కలగలిసిన తుఫాను తర్వాత నేల మీద పడి ఉన్న పిచ్చుకలను ఏరి బ్రౌన్ యూనివర్సిటీకి తెచ్చారు. మన ఇళ్ల చూరుల్లో గూళ్లు కట్టే ఊరపిచ్చుక జాతే. దాన్ని 1850ల మొదట్లో బ్రూక్లిన్‌లో వదిలారు, అక్కడి నుంచి దేశమంతా పాకింది. తెచ్చినవి 136. వాటిలో 72 తేరుకున్నాయి, 64 చనిపోయాయి. హెర్మన్ బంపస్ అనే జీవశాస్త్రవేత్త ప్రతి పిచ్చుక పొడవు, బరువు, రెక్కల చాపు, ఎముకల కొలతలు తీసి, ప్రాణాలతో మిగిలినవాటికీ పోయినవాటికీ తేడా వెతికాడు. సగటుకు బాగా దూరంగా ఉన్నవే ఎక్కువగా పోయాయన్నాడు. ప్రకృతి వరణాన్ని కళ్లెదుట చూపించిన తొలి లెక్కల్లో ఇదొకటి. తర్వాత వచ్చిన గణాంకవేత్తలు ఆయన తేల్చినదాన్ని యథాతథంగా ఒప్పుకోలేదు, మగవాటికీ ఆడవాటికీ వేర్వేరు ఫలితాలు చూపించారు. నా దృష్టిలో బంపస్ చేసిన గొప్ప పని ఆ తీర్మానం కాదు, అన్ని కొలతలనూ పూర్తిగా అచ్చు వేయించడం. అందుకే నూరేళ్లు దాటినా ఆ 136 పిచ్చుకలతో కుస్తీ పట్టడానికి వీలవుతోంది.

మళ్లీ ఫీడరు దగ్గరికి వద్దాం. మార్గరెట్ బ్రిటింగ్‌హామ్, స్టాన్లీ టెంపుల్ అనే పరిశోధకులు విస్కాన్సిన్ అడవుల్లో చికడీల కాళ్లకు గుర్తులు వేసి, ఫీడర్లున్న చోట్లనూ లేని చోట్లనూ పోల్చి 1988లో ఫలితాలు ప్రకటించారు. మేత అందిన చికడీల్లో చలికాలం దాటినవి 69 శాతం, అందనివాటిలో 37 శాతం. ఇక్కడే ఆగిపోతే ఫీడరు సంజీవని అనిపిస్తుంది. నెలలవారీగా విడదీస్తే మాత్రం ఆ తేడా అంతా పాదరసం సున్నాకు 18 డిగ్రీలు కిందికి పడిపోయిన రోజులు ఎక్కువున్న నెలల్లోనే కనిపించింది. ఓ మోస్తరు చలి నెలల్లో ఫీడరు ఉన్నా లేకున్నా ఒకటే. ఫీడర్లకు అలవాటుపడ్డ చికడీలు కూడా తమ రోజువారీ శక్తిలో అయిదో వంతే అక్కడి నుంచి తెచ్చుకుంటున్నాయి, మిగతాది అడవిదే. ఇరవై అయిదేళ్లుగా మేత పెడుతున్న చోట ఫీడర్లు తీసేసి కూడా చూశారు వాళ్లు. అక్కడి చికడీలు ఎన్నడూ ఫీడరు ఎరగని చికడీల్లాగే బతికాయి. పెట్టడం మానేస్తే చచ్చిపోతాయన్న భయానికీ, పెడితే సోమరులవుతాయన్న నిందకూ ఆ పరీక్షలో ఆధారం దొరకలేదు.

మరి కిటికీలోంచి కనిపించే ఆ గుంపులు? పిట్టలు పెరగలేదు, ఒకచోట చేరాయంతే. ఒంటారియోలో 1976లో మొదలై, 1987 నుంచి ఖండమంతా సాగుతున్న, ఫీడర్ల దగ్గరి పిట్టలను లెక్కించే ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్‌లో లెక్క కట్టే పద్ధతి అందుకే విచిత్రంగా ఉంటుంది. రోజంతా వచ్చినవాటిని కూడకూడదు. ఒకే క్షణంలో కంటికి కనబడ్డ గరిష్ఠ సంఖ్యనే రాయాలి. వచ్చిన చికడీయే పదిసార్లు రావచ్చు కదా.

గింజ ముట్టని పిట్టలకు ఫీడరు ఎందుకూ కొరగాదు. 2021 ఫిబ్రవరి నడుమ టెక్సస్‌ను గడ్డకట్టించిన తుఫాను డాలస్, ఫ్రిస్కో, ఇర్వింగ్ పరిసరాల్లోని తెలుగు కుటుంబాలకు బాగా గుర్తుండి ఉంటుంది. కరెంటు లేని రాత్రులు, పగిలిన నీటి గొట్టాలు. ఫిబ్రవరి 16న డాలస్‌లో సున్నాకు దాదాపు 19 డిగ్రీలు కిందికి దిగింది. దక్షిణ అమెరికా నుంచి పర్పుల్ మార్టిన్ పిట్టలు టెక్సస్‌కు తిరిగొచ్చే రోజులవి. ఎగిరే పురుగులే వాటి ఆహారం, అంత చలిలో పురుగన్నది గాలిలో ఉండదు. ఎన్నో చనిపోయాయి. వీటికి గూళ్ల పెట్టెలు కట్టి పోషించేవాళ్లు ఇలాంటప్పుడు చేసే పని వింటే నవ్వొస్తుంది గానీ పనిచేస్తుంది. ప్లాస్టిక్ చెంచాతో కీచురాళ్లను, గుడ్డు పొరటు ముక్కలను గాలిలోకి ఎగరేస్తారు. ఎగిరేదే తిండి అని నమ్మే పిట్ట దాన్ని గాలిలోనే అందుకుంటుంది.

గింజ తినేవాటికొస్తే, గోల్డ్‌ఫించ్‌లు, పైన్ సిస్కిన్‌లు ఎగబడే సన్నని నల్లగింజ ఒకటుంది. అరకులోయను శీతాకాలపు మొదట్లో పసుపుపచ్చగా మార్చే వలిసెలే అవి, వెర్రి నువ్వులని కూడా అంటాం. అమెరికా ఫీడర్లలోకి మన దేశం నుంచీ ఇథియోపియా నుంచీ వెళ్తాయి. వాటితో పాటు వచ్చే కలుపు విత్తనాలు మొలకెత్తకుండా ముందు వేడిచేయాలని అక్కడి నిబంధన. ఈ గింజలో నూనె ఎక్కువ. చిన్న పిట్టకు అంతకన్నా కావలసింది లేదు.

ఇదే పైన్ సిస్కిన్ ఫీడరు తాలూకు రెండో ముఖం కూడా చూపించింది. 2020-21 చలికాలంలో ఉత్తరాది అడవుల్లో చెట్ల గింజలు సరిగా పండక ఇవి గుంపులు గుంపులుగా దక్షిణానికి దిగాయి. ఫీడర్ల మీద కిక్కిరిసి ఒకదాని రెట్ట ఇంకొకటి తొక్కుతూ తింటుంటే సాల్మొనెల్లా జబ్బు అంటుకుంది. ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికి వెళ్లినా ఎగరలేని సిస్కిన్‌లు పెరళ్లలో కనిపించాయి. ఫీడర్లు కొన్ని వారాలు దించేయండి అని వాషింగ్టన్ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ప్రజలను కోరింది. సరిగ్గా ఆ ఫిబ్రవరి రెండో వారంలోనే సియాటిల్ మీద అడుగుకు దగ్గరగా మంచు పడింది. దించిన ఫీడర్లను మళ్లీ వేలాడదీయాలా వద్దా?

విస్కాన్సిన్ లెక్కల ప్రకారం చూస్తే జవాబు కష్టం కాదు. సియాటిల్‌లో మంచు పడిందే గానీ చలి సున్నాకు కాస్త అటూ ఇటూనే ఉంది, 18 డిగ్రీల కింద కాదు. మంచు కొద్ది రోజుల్లోనే కరిగింది. ఆరోగ్యంగా ఉన్న పిట్ట ఆ కొద్ది రోజులూ చెట్టు మీద వెతుక్కుని గడుపుకోగలదు, జబ్బు పిట్ట పక్కన నిలబడి తింటే గడుపుకోలేదు. అదే మంచు మినెసోటాలో, జనవరిలో, సున్నాకు 25 డిగ్రీల కింద పడి ఉంటే నేను ఫీడరు దించమనను. రెట్ట అంటిన పాత గింజలు పారబోసి, వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గుంపు చెదిరేలా రెండు మూడు చోట్ల కొద్దికొద్దిగా పెట్టమంటాను. జుంకోల కోసం దేవదారు పొద కింద మంచును గట్టిగా తొక్కి, దాని మీద గుప్పెడు గింజలు, చీకటి పడేలోపు అయిపోయేటన్ని, చల్లితే సరిపోతుంది.